పెరటాసిలో మాల్దీవుల మాను

అక్టోబరు 3, శుక్రవారం

రుక్మిణమ్మా, నిన్న నువ్వు రాసింది తప్పు. మాల్దీవుల్లో పన్నెండు వందల దీవులు, అన్నింట్లోనూ జనమే అని రాసి పడుకున్నావు. దీవులు పన్నెండు వందలకు కాస్త తక్కువ. జనం ఉండేవి రెండు వందలు కూడా లేవు. మదనపల్లెలో ముప్పై నాలుగేళ్లు సోషల్ టీచరుగా బతికి, రిటైరైన పదహారేళ్లకు ఇలా తయారయ్యావు. పుస్తకం తీసి చూసి దిద్దుతున్నాను. ఈ డైరీ నువ్వు తప్ప ఎవరూ చదవరు, నిజమే. అయినా తప్పు తప్పే.

ఈ దీవుల గొడవంతా భవ్య వల్ల. కూతురి కూతురు, కుప్పంలో ఏడాది కాంట్రాక్టు మీద పని చేస్తోంది. మన దేశమూ సముద్రంలోని ఇరుగుపొరుగు దేశాలూ కలిసి పెట్టుకున్న ఏదో ప్రాంతీయ సంస్థ పని. దాని పేరు ఆరు ఇంగ్లీషు అక్షరాలు. నా నోట రోజుకొక వరుసలో వస్తుంది. ఎండబెట్టే పని చేసే ఆడవాళ్ల సంఘాలను దేశానికొకటి ఏరి జత కలుపుతారట. ఇక్కడ చౌడేపల్లెలో టమోటా ఒరుగులు చేసే సంఘం, అక్కడ మాల్దీవుల్లో ఇంకొకటి. వాళ్లేం ఎండబెడతారో భవ్య చెప్పింది. నేను వినలేదు. దీవుల్లో ఏముంటుంది ఎండడానికి, కొబ్బరి.

చౌడేపల్లె సంఘానికి అధ్యక్షురాలు నాగమ్మ, నా తమ్ముడు గోవిందప్ప పెళ్లాం. పెళ్లయిన నలభై రెండేళ్లుగా నాలో ఒక్క తప్పు పట్టాలని చూస్తోంది. దొరకలేదు పాపం.

పదకొండో తేదీ, స్వామికి వ్రతం పట్టే పెరటాసి నెలలో ఆఖరి శనివారం. నాగమ్మ ఇంట్లో తళిగ: ఆకు మీద అన్నం కుప్పపోసి, పప్పూ పొంగలీ చుట్టూ పెట్టి, వెంకటేశ్వరస్వామికి చూపించి ఊరికి వడ్డించడం. అదే రోజు అక్కడే ఒప్పందం మీద సంతకాలు. అయ్యాయా, భవ్యకు ఇంకో రెండేళ్లు పని. కాలేదా, దీపావళికి పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. వాళ్లమ్మ అప్పుడే ముగ్గురు పెళ్లికొడుకుల ఫోటోలు తెప్పించింది. నేను చూశాను. ముగ్గురూ ఒకే ఫోటోలా ఉన్నారు.

అక్టోబరు 4, శనివారం

పుంగనూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. నేను చేరేసరికి కుప్పం నుంచి కారులో భవ్య ఆ మాల్దీవుల ఆవిణ్ణి తీసుకొచ్చింది. పేరు నజీమా. యాభై ఉంటాయి. తలమీద ముసుగు, నెమ్మదైన మాట. ఇంగ్లీషు బాగా వచ్చు. కూర్చోగానే, ఇక్కడికి సముద్రం ఎంత దూరమని అడిగింది.

"బోరు ఎంత లోతో అడగమనక్కా, చెప్తా" అన్నాడు గోవిందప్ప. "సముద్రం సంగతి మాకేం తెలుసు."

నజీమా వాళ్ల దీవిలో రెండు మూరలు తవ్వితే నీళ్లొస్తాయట, ఉప్పు నీళ్లు. ఏటేటా సముద్రం ఇంటి గడప వైపు జరుగుతోందట. ఆ మాట తెలుగులో చెప్పాను.

గోవిందప్ప వేళ్ల మీద లెక్క వేశాడు. "వెయ్యడుగులు ఏస్తే మాకు దుమ్ము వస్తాండాది. ఆడ రెండు మూరలకే నీళ్లు. అంటే ఆ దేశంలో బోరు లారీ వాడు బతకలేడు" అన్నాడు. జాలిపడింది బోరు లారీ వాడి మీద.

తరువాత కానుక. భవ్యకు ఫోనొచ్చి, సిగ్నలు కోసం మిద్దెక్కింది. నజీమా సంచిలోంచి బట్టలో చుట్టినది తీసి, రెండు చేతులతో నాగమ్మ చేతిలో పెట్టింది. జానెడు పొడవు, ముదురు గోధుమ రంగు, కొయ్యలా గట్టిగా ఉంది. "మా ఇంటిది, మా అమ్మ చేతిది. తడి తగలకుంటే ఏళ్లు ఉంటుంది. పలచగా తీసి కొంచెం వాడితే చాలు, బలం" అంది. అంతా నేనే తెలుగులో చెప్పాను.

"ఏంది వదినా ఇది?" అంది నాగమ్మ.

సంఘం ఆడవాళ్లంతా నా మొహం చూశారు. అందులో ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్లు. 'ఏంది ఇది' అని అడిగితే 'తెలీదు' అని నేను ఎన్నడూ అనలేదు. అనడం ఎలాగో కూడా మరిచిపోయాను.

"సముద్రపు మాను" అన్నాను. "గంధం చెక్క జాతి. సానరాయి మీద అరగదీసి వాడుకోవాలి."

వాళ్లమ్మ చేతిది అంటే వాళ్లమ్మ నాటిన చెట్టేమో. దానికి పొగ వాసన ఉంది, పొగ కింద ఇంకేదో వాసన ఉంది. సముద్రం వాసన అనుకున్నాను. నేను సముద్రాన్ని పటంలో తప్ప చూడలేదు కనుక, కాదనడానికి ఆధారం లేదు. నాగమ్మకు కరోనా వచ్చిపోయినప్పటి నుంచి వాసనే తెలియదు. గోవిందప్ప ముక్కు ముప్పై ఏళ్ల కిందటే నశ్యానికి రాసిచ్చేశాడు.

నాగమ్మ దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లో ఉంచి దణ్ణం పెట్టింది. నజీమా కళ్లు పెద్దవి చేసి చూసింది. ఇక్కడ ఎప్పుడూ ఇలాగే చేస్తారా అని అడిగింది. గౌరవం అని చెప్పాను.

అక్టోబరు 5, ఆదివారం

నాగమ్మ ఫోను. పొద్దున్నే పరగడుపున మాను అరగదీసి వేణ్ణీళ్లలో తాగిందట. ఉప్పగా ఉందట. సముద్రంలో పెరిగిన చెట్టు తియ్యగా ఉంటుందా అన్నాను.

అక్టోబరు 6, సోమవారం

నాగమ్మ మోకాలి నొప్పి తగ్గింది.

అక్టోబరు 7, మంగళవారం

రెండో మోకాలు కూడా. గోవిందప్ప కూడా మొదలుపెట్టాడు. నాగమ్మ ఫోనులో చెప్పిన ఇంకో విశేషం, వాళ్లింటి పిల్లికి భక్తి పట్టుకుంది. మూడు రోజులుగా దేవుడి గది ముందు నుంచి కదలడం లేదు. పాలు పోసినా చూడటం లేదట. గూటి వైపే చూస్తూ అరుస్తోందట. "ఆ మానులో మహిమ ఉండాది వదినా" అంది. మూగజీవాలకు ముందు తెలుస్తుంది అన్నాను. ఎందుకన్నానో.

రేపు కుప్పంలో నజీమా తమ దీవి పని గురించి బొమ్మలు చూపించి మాట్లాడుతుందట. భవ్య రమ్మంది. ఆ ఆరు అక్షరాల సంస్థ వాళ్లు కూడా వస్తారు. ఈ కూటముల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సార్క్ ఏ సంవత్సరం పుట్టిందో, ఎవరెవరు సభ్యులో ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. ఆ పెద్దలంతా ఒకచోట కూర్చుని పదేళ్లు దాటింది. వేరుపడ్డ అన్నదమ్ముల్లాగా పెళ్లిపత్రికలో మాత్రం పేర్లు కలిసి ఉంటాయి. మాల్దీవులూ మనమూ కూడా ఆమధ్య మూతులు ముడుచుకుని, ఇప్పుడు మళ్లీ మాట్లాడుకుంటున్నాం. వదినా మరదళ్ల వ్యవహారమే, పటం మీద గీసినట్టు.

అక్టోబరు 8, బుధవారం

ముందు వరుసలో కూర్చోబెట్టారు. వెనక కూర్చున్నా అదే కనపడేదిలే.

మొదటి బొమ్మ, పడవ. రెండో బొమ్మ, చేప. నా చేయంత ఉంది. మూడో బొమ్మ, అదే చేపను నిలువునా నాలుగు పాళ్లు కోసి ఉడకబెడుతున్నారు. నాలుగో బొమ్మలో పొగ మీద పెట్టారు. ఐదో బొమ్మలో ఆడవాళ్లు వరసగా పరిచి ఎండబెడుతున్నారు, మన నాగమ్మ ఒరుగులు పరిచినట్టే. ఆరో బొమ్మ తెర నిండా వచ్చింది: నాగమ్మ దేవుడి గూట్లో పసుపు కుంకుమలతో ఉన్నది.

నీళ్లు తాగాను. పక్కాయన నీళ్లు కూడా తాగాను.

"అవ్వా, మొహం అట్ల పెట్టినావేంది?" అంది భవ్య.

"ఏసీ" అన్నాను.

పలమనేరు దాటేదాకా బస్సులో లెక్క వేసుకున్నాను. పెరటాసి నెలంతా ఆ ఇంట్లో నీచు తగలకూడదు. కోడిగుడ్డును పేరు పెట్టి అనరు, 'తెల్లది' అంటారు. అలాంటి ఇంట్లో అధ్యక్షురాలు నాలుగు రోజులుగా పరగడుపున చేప తాగుతోంది, నా మాట మీద.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? అరగదీస్తే వచ్చేది ఆవగింజంత. దేవుడికి తెలుసు కదా అంటావా? ఆయనకు నాలుగో తేదీ నుంచే తెలుసు. ఆయనే ఊరకున్నాడు.

అక్టోబరు 9, గురువారం

ఊరకుండేలా లేదు. పొద్దున ఫోనులో నాగమ్మ చెప్పింది: శనివారం తళిగలో తీర్థం బిందెలో తులసి, పచ్చకర్పూరం, దాంతోపాటు ఆ మాను అరగదీసి కలుపుతుందట. "మోకాళ్లు పట్టిన ముసలోళ్లు ఊరినిండా ఉండారు వదినా. నేనొక్కదాన్నే తాగితే పాపం కాదా."

"నాగమ్మా, వద్దు. సముద్రపు ఉప్పు, బీపీకి మంచిది కాదు."

"మీ తమ్మునికి బీపీ తగ్గుండాది. నర్సమ్మ సూసి పోయినాది."

"ఊరందరికీ చాలదు కదా."

"యాల చాలదు? కొంచెం ఏస్తే చాలని ఆయమ్మ చెప్పినట్టు నువ్వే కదా చెప్పినావు."

"ఎంతమంది వస్తారు?"

"నూటిరవై మంది. నీ శిష్యురాండ్లు కూడా వస్తాండారు. మా సోషల్ టీచరు చెప్పిన మాను మాకూ కావల్ల అంటాండారు."

నిజం చెప్పేస్తే? నాగమ్మ సంతకం పెట్టదు. పెరటాసిలో నీచు తాగించిన దేశంతో పొత్తా అంటుంది. భవ్య పెట్టె సర్దుతుంది. నలభై రెండేళ్ల ఎదురుచూపు ఫలించి నాగమ్మ నన్ను చచ్చేదాకా చేప పేరు పెట్టి పిలుస్తుంది. చెప్పకుంటే నూటిరవై మంది వ్రతం చెడుతుంది.

మూడో దారి ఆలోచించాను. బజారుకు పోయి పూజా సామాన్ల అంగడిలో జానెడు గంధం చెక్క కొన్నాను. రంగు తేలిపోయి ఉంది. కాఫీ డికాషన్లో నానబెట్టాను. తెల్లారేసరికి అచ్చం చేపలా ఉండాలి. గంధపు చెక్కను చేపలా చేయడానికి డెబ్బై నాలుగేళ్ల వయసులో తిప్పలు పడుతున్నాను. చదువు ఎందుకూ పనికిరాదనేవాళ్లకు ఇది చూపించాలి.

అక్టోబరు 10, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయి, రుక్మిణమ్మా. నగిషీలు వద్దు.

మధ్యాహ్నం చౌడేపల్లె చేరాను. నాగమ్మా సంఘం ఆడవాళ్లూ పెరట్లో కూర్చుని టమోటాలు కోస్తున్నారు. కాళ్లు కడుక్కుని వస్తానని లోపలికి పోయాను. దేవుడి గది తలుపు తెరిచే ఉంది. ముందు పిల్లి. దాన్ని దాటుకుని గూట్లోంచి చేప తీసి, సంచిలోంచి గంధం చెక్క తీస్తున్నాను. పిల్లి లేచి చేప రెండో కొసను పళ్లతో పట్టుకుంది.

వదలమని మర్యాదగా చెప్పాను. క్లాసులో చెప్పినట్టు గట్టిగా చెప్పాను. వదల్లేదు. నేను లాగాను, అది లాగింది. హారతి పళ్లెం కింద పడి గదంతా మోగింది. తలెత్తి చూస్తే గుమ్మంలో నాగమ్మ, చేతుల నిండా టమోటా రసం.

"ఏంది వదినా ఇది, పిల్లీ నువ్వూ?"

"కూర్చో నాగమ్మా, చెప్తాను."

"నువ్వు ముందు దాన్ని కింద పెట్టు."

"పెడితే పిల్లి తింటుంది."

"మానును పిల్లి యాల తింటాది?"

ముప్పై నాలుగేళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అడగని ప్రశ్న. జవాబు నా దగ్గర ఉంది. చెప్పబుద్ధి కాలేదు, అంతే.

"అది మాను కాదు. చేప."

నాగమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"చేప."

"ఎండబెట్టిన చేప. ఆ దీవిలో వాళ్లకు అదే పని. మొన్న కుప్పంలో బొమ్మల్లో చూశాను."

"పెరటాసిలో."

"అవును."

"ఆరు దినాలు. పరగడుపున. తలంట్లు పోసుకోని, దణ్ణం పెట్టుకోని మరీ తాగినాను."

గోవిందప్ప నశ్యం డబ్బీ మూస్తూ వచ్చాడు. సంగతి విన్నాడు. "దీనికి యాల అంత దిగులు? సామి మొదటి అవతారమే చేప కదా" అన్నాడు.

"సామి చేపగా వచ్చినాడు. నన్ను అరగదీసి తాగండి అన్లేదు" అంది నాగమ్మ. "నువ్వు పోయి నశ్యం ఏసుకోపో అప్పా."

పోయాడు. నాగమ్మ నా వైపు తిరిగింది.

"రేపు నేను సంతకం పెట్టను. ఇంట్లోకి నీచు తెచ్చిచ్చినోళ్లతో నాకేం పొత్తు?"

ఇక్కడ ఒకటి రాయాలి. ఆ క్షణంలో నాకొక దారి కనిపించింది. తప్పంతా ఆవిడది, చేప అని చెప్పకుండా ఇచ్చిందని అనవచ్చు. నాగమ్మ నమ్మేది. నా పేరు నిలిచేది. నోటి దాకా వచ్చింది కూడా. భవ్య మొహం గుర్తొచ్చి ఆగానని రాస్తే బాగుంటుంది. నిజానికి నజీమా రెండు చేతులతో ఇవ్వడం గుర్తొచ్చింది. మనింట్లో పెద్దవాళ్లకు తాంబూలం అలా ఇస్తాం.

"ఆయమ్మ తప్పు ఏమీ లేదు. ఆమె చెప్పినంత నేను చెప్పాను. మాను అన్నది నా సొంత కల్పన."

"నీకు తెలీదా అది ఏందో?"

"తెలుసుననుకున్నాను."

"అట్ల కాదు వదినా. తెలుసా, తెలీదా?"

పిల్లి కూడా నన్నే చూస్తోంది.

"తెలీదు" అన్నాను.

నాగమ్మ అరిచి ఉంటే బాగుండేది. చాలాసేపు చేతులు చీరకు తుడుచుకుంది. "ఆ మాట నాతో అంటే చాలదు. నీ మాట నమ్మి దాన్ని మొక్కినోళ్లు పదిమంది ఉండారు. రేపు తళిగ కాడ, ఆయమ్మ ముందర, అందరికీ నువ్వే చెప్పల్ల. అప్పుడు పెడతా సంతకం" అంది.

గుమ్మం దాకా వచ్చి మళ్లీ ఆగింది. "మోకాళ్లు తగ్గింది మాత్రం నిజమే. ఎట్ల తగ్గిందంటావు?"

తెలీదు అన్నాను. రెండోసారి కొంచెం సులువుగా వచ్చింది.

అక్టోబరు 11, శనివారం

నాగమ్మ తెల్లవారకముందే ఇల్లంతా కడిగించింది. పాత బిందె తోమించి పక్కన పెట్టి, కొత్త బిందెలో తీర్థం. తులసీ పచ్చకర్పూరం మాత్రమే. చేప మీది పసుపూ కుంకుమా తుడిచి ఉట్టిలో పెట్టి పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీశారు. పిల్లి మకాం కూడా కొట్టానికి మారింది.

కుప్పం నుంచి భవ్య, నజీమా, సంస్థ వాళ్లు ఇద్దరూ వచ్చారు. భవ్యకు నిన్న ఫోనులోనే చెప్పాను. "అవ్వా" అని మాత్రం అంది. ఆ ఒక్క మాటలో వాళ్లమ్మ గొంతు వినిపించింది.

తళిగ చూపించడం అయింది. హారతి అయింది. నాగమ్మ నా వైపు చూసింది. నేను లేచాను. నూటిరవై మంది. మొదట హిందూ మహాసముద్రం గురించి రెండు మాటలు చెప్పాను. తరువాత పగడపు దీవులు ఎలా ఏర్పడతాయో చెప్పాను. లోతు, ఉప్పదనం, రుతుపవనాలు.

"వదినా" అంది నాగమ్మ. "దీవులన్నీ తిరిగినావు. ఇంగ ఇంటికి రా."

వచ్చాను. "ఈ అమ్మ తెచ్చిచ్చింది మాను కాదు, ఎండు చేప. నాకు తెలీదు. తెలీకుండానే తెలిసినట్టు చెప్పాను. నాగమ్మ నా మాట నమ్మింది. తప్పు నాది. ఆమెది కాదు, ఈ అమ్మది అసలే కాదు."

వెనక వరుసలోంచి రత్నమ్మ, నా తొలి బ్యాచి పిల్ల, ఇప్పుడు మనవరాళ్లున్నారు, "టీచర్, మా కాలంలో తెలీదంటే ఊరుకోలేదే మీరు" అంది. ఒక్కసారి అందరూ నవ్వారు. నిలబడి విన్నాను. వినాల్సిన మాటే.

భవ్య ఇంగ్లీషులో నజీమాకు చెబుతోంది. ఆవిడ ముసుగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. ముసుగు తీశాక చూస్తే కళ్ల నిండా నీళ్లు, నవ్వు ఆగడం లేదు. కాస్త తేరుకుని నాగమ్మ చేయి పట్టుకుంది. చేప అని చెప్పాలని తనకు తోచనే లేదట. వాళ్ల దీవిలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసట. "మీరు టమోటా ఇచ్చేటప్పుడు ఇది టమోటా అని చెబుతారా?" అని అడిగింది. తరువాత నెమ్మదిగా, "మా అమ్మ అరవై ఏళ్లుగా చేస్తోంది. దానికి బొట్టు పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు. ఇంటికి పోయి చెప్తాను" అంది.

ఇది నేనే తెలుగులో చెప్పాలి. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. నాగమ్మ విని ముక్కు చీదుకుంది. జలుబట.

సంతకాల వేళ కాగితం చేతిలోకి తీసుకుని, "దీంట్లో ఒకటి రాయల్ల" అంది నాగమ్మ. సంస్థ వాళ్లు మొహాలు చూసుకున్నారు. "ఇచ్చి పుచ్చుకునే ప్రతి పొట్లం మీదా లోపల ఏముండాదో రెండు బాసల్లోనూ రాయల్ల. ఎవురినీ అడిగే పని ఉండకూడదు." ఎవురినీ అన్నప్పుడు నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ.

వాళ్లిద్దరూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడి ఒప్పుకున్నారు. భవ్య పెన్నుతో కింద చేర్చింది. నజీమా ఇలాంటిది తన తరఫున కూడా కావాలంది. ఒరుగుల్లో ఉప్పు ఎంతో రాయాలట, వాళ్లమ్మకు బీపీ. నాగమ్మ, నజీమా సంతకాలు చేశారు. భవ్య కొట్టం వైపు పోయి ఒక్కతే కళ్లు తుడుచుకుంటుంటే చూశాను. చూడనట్టు వచ్చేశాను.

విస్తళ్లు వేశాక నాగమ్మ మొదటి వడ్డన నాకే వేసింది, పొంగలి రెండు గరిటెలు. నలభై రెండేళ్లలో మొదటిసారి. గెలిచినవాళ్ల చేయి ధారాళంగా ఉంటుంది. పొంగలి బాగుంది. అది కూడా చెప్పాను. ఒకే రోజు ఎన్ని మాటలని నోరు తిరుగుతుంది.

అక్టోబరు 12, ఆదివారం

భవ్య ఫోను: రెండేళ్లు ఖాయం, కాగితం చేతికొచ్చింది. వాళ్లమ్మ ఫోటోలు వెనక్కి పంపిందట. ముగ్గురివీ ఒకే కవరులో పెట్టే ఉంటుంది.

మధ్యాహ్నం నాగమ్మ ఫోను. శుక్రవారంతో పెరటాసి అయిపోతుంది, శనివారం ఎటూ తినరు, పంతొమ్మిది ఆదివారం రమ్మంది. ఉట్టిలోది వండుతుందట.

"గూట్లో పెట్టి మొక్కింది కదా నాగమ్మా, తినొచ్చా?"

"మొక్కిన కొబ్బరికాయ పారేస్తాండామా?" అంది. నజీమా విధం చెప్పి పోయిందట: పలచగా చీరి, పచ్చికొబ్బరి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయ, నిమ్మరసం కలపడం. పొయ్యి కూడా అక్కర్లేదు. కాకపోతే నాగమ్మ కత్తిపీటకు అది లొంగేలా లేదట. మా అమ్మ కాలం నాటి కత్తిపీట నా దగ్గర ఉంది. నా దగ్గరే ఉందన్న మాట నాగమ్మ నలభై రెండేళ్లుగా మరిచిపోలేదు.

రుక్మిణమ్మా, రేపు పొద్దున పది లోపల బస్టాండు పక్క సందులో సాన పట్టేవాడి దగ్గరికి పో. పదకొండుకు వాడు బి.కొత్తకోట వెళ్లిపోతాడు. కొబ్బరి కోరే పళ్లు వదిలేసి, కోసే అలుగు ఒక్కటే సాన పట్టించు. వచ్చేటప్పుడు గోనెపట్టలో చుట్టి తాడు కట్టించు, లేకుంటే పంతొమ్మిదిన కండక్టరు ఎక్కనివ్వడు. నిమ్మకాయలు ఆరు కొను. పైన చీటీ అంటించు: కత్తిపీట.